లైన్ మీదనే ఉండు

మహారాష్ట్ర సరిహద్దున, సగరోళి దగ్గర మా మేనత్త వాళ్ల ఊళ్లో మొదటి ఫోను ఆమె ఇంటికే వచ్చింది. ఊళ్లో ఎవరికి ఫోనొచ్చినా ఆమే ఎత్తి, "లైన్ మీదనే ఉండు, పిలుస్త" అని పరుగెత్తేది. మరాఠీ వాళ్లయితే "థాంబా", అంటే ఆగండి, అనేది. మనిషి రాగానే రిసీవర్‌ను కొంగుతో తుడిచి చేతికిచ్చేది. తుడవకుండా ఇవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

తర్వాత అందరికీ సెల్లులొచ్చాయి. స్తంభాల మీది వైరు తెగిపోతే ఎవరూ మళ్లీ కలపలేదు. అయినా ఆమె రోజూ మధ్యాహ్నం ఆ చచ్చిన ఫోను ఎత్తి చాలాసేపు వినేది.

మొన్న వాళ్లింటికి బ్రాడ్‌బ్యాండ్ పెట్టించాను. ఆ డబ్బా వెనక ఫోను వైరు గుచ్చే చోటు కూడా ఉంది. నిజం మనుషులు మాట్లాడితే ఈ పిచ్చి వదులుతుందనుకుని పాత ఫోను అందులో గుచ్చాను. వెంటనే డయల్‌టోన్ వచ్చింది. సంబరంగా రిసీవర్ ఆమె చెవికి పెట్టాను.

అత్త ముఖం ముడుచుకుంది.

"గీ కూత ఏందిరా? మాట ఇనబడ్తలేదు. తీసెయ్."

"ఎవరి మాట అత్తా?"

"ముందుగాల తీసెయ్ అంటున్న!"

వైరు పీకేశాను. కాసేపటికి ఆమె ముఖం విచ్చుకుంది.

"ఆఁ, ఈడనే ఉన్నడు. లైన్ మీదనే ఉండు," అంది ఫోన్లోకి. రిసీవర్‌ను కొంగుతో తుడిచి నా వైపు చాపింది.

"తీస్కో. మీ నాయన."

నాయన పోయి ఆరేళ్లయింది. పీకిన వైరు కొస ఇంకా నా చేతిలోనే ఉంది. రెండో చేత్తో రిసీవర్ అందుకున్నాను.