అర అంగుళం

దర్జీ అక్కకు తన సన్నదనం చూసుకుని మహా గర్వం. మూడు పూటలా కంచం నిండా తిని, పైగా చెల్లెలు తెచ్చిన కేకు ముక్క కూడా లాగించి, పుల్లలా అలాగే ఉండేది. అదంతా తన నిగ్రహమేనని చెప్పుకునేది. రోజంతా కుట్టుమిషను ముందు నుంచి కదలని మనిషికి అదేం నిగ్రహమో ఆ దేవుడికే తెలియాలి.

చెల్లెలిది అమ్మ పోలిక. బుగ్గలూ నడుమూ అచ్చం అమ్మవే. బేకరీ కౌంటరులో పని. పొద్దస్తమానం వెన్న వాసన మధ్య నిలబడాలి. మధ్యాహ్నం యజమాని పెట్టేది మిగిలిపోయిన బన్నులే. అయినా అక్క లెక్కలో తప్పంతా చెల్లెలి నోటిదే. చెప్పి చెప్పి విసిగిపోయి, ఇక చేత్తో చెప్పాలనుకుంది.

చెల్లెలి బేకరీ చొక్కాలు కుట్టేది అక్కే. ఈసారి పాత చొక్కాను ఆదిగా పరిచి గుడ్డ కత్తిరించేటప్పుడు, నడుము దగ్గర రెండు పక్కలా అర అంగుళం లోపలికి గీసింది. చెల్లెలు తొడుక్కుని చూసి, మళ్లీ ఒళ్లొచ్చినట్టుందని బిక్కమొహం వేసింది. అక్క నోట్లో గుండుసూదులున్నాయి కాబట్టి బదులు చెప్పే పని తప్పింది. ఆ పూట చెల్లెలు భోజనం మానేసింది. పాచిక పారిందని అక్క లోలోపల మురిసిపోయింది. ఏడాదిలో నాలుగు చొక్కాలు కుట్టింది, ప్రతిదానికీ మరో అర అంగుళం తగ్గించి.

నాలుగోది తొడుక్కున్న వారానికే చెల్లెలు కౌంటరు వెనక కళ్లు తిరిగి పడిపోయింది. కబురందగానే అక్క పడుతూ లేస్తూ ఆసుపత్రికి పరుగెత్తింది.

డాక్టరమ్మ బరువు చూసి, నిరుటి చీటీతో పోల్చింది. అయిదు కిలోలు తగ్గిందట. ఇలా కడుపు మాడ్చుకుంటే ఎలాగని మందలించింది. ఒంటి తీరు చాలామటుకు పుట్టుకతోనే వస్తుందనీ, చుట్టూ ఏ తిండి దొరుకుతుందన్నదీ అంతే ముఖ్యమనీ, ఒక్క పట్టుదలతో అయ్యే పని కాదనీ చెప్పింది.

చెల్లెలు నీరసంగా నవ్వింది. "మీ మిషనే తప్పు డాక్టరమ్మా. తగ్గితే చొక్కా ఎందుకు బిగుస్తుంది? కుట్టింది మా అక్క. తన కొలత తప్పదు."

అక్కకు తల కొట్టేసినట్టయింది. తిట్టినా పడేది కానీ, ఆ నమ్మకాన్ని తట్టుకోలేకపోయింది. నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు. ఇంటికెళ్లి కుట్లు విప్పి వదులు చేస్తే సరిపోతుంది. కానీ అప్పటిదాకా ఈ పిచ్చిది తినే ఆ కాస్తా మానేస్తుంది.

"నేనే బిగించానే," అంది. "ప్రతిసారీ అర అంగుళం. తిండి తగ్గిస్తావని."

"ఏడాదంతా నన్ను నేనే తిట్టుకున్నా అక్కా," అంది చెల్లెలు పైకప్పు వంక చూస్తూ.

అక్క ఏడుస్తూ చెయ్యి పట్టుకోబోయింది. చెల్లెలు మెల్లగా చెయ్యి లాక్కుని దుప్పటి కింద పెట్టుకుంది. గొంతులో కోపం కూడా లేదు.

"ఇకనుంచి నా బట్టలు బయట కుట్టించుకుంటాలే."