ఎవరి మనిషివి?

రంగూన్‌లో దిగిన కొత్తలో గుమస్తా పని కోసం బియ్యం మిల్లు గేటు దగ్గర నిలబడ్డాను. గ్రంథాలయంలో కూర్చుని ఇంగ్లీషు, బర్మా భాష సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. ఆ రోజూ పని దొరక్కపోతే తిరుగు ఓడ ఎక్కాల్సిందే.

కూలీలను లోపలికి పంపే మేస్త్రీ శ్రీకాకుళం వైపు వాడే.

"ఎవులి మనిసివిరా?"

"ఎవరి మనిషినీ కానండీ. చదువుకున్నాను."

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లున నవ్వారు.

"సదివితే ఏటి? రేపు నువ్వు పారిపోతే దొర ఎవుల్ని అడుగుతాడు?"

కాపలావాడు గేటు మూయడం మొదలుపెట్టాడు.

"మీ మనిషినే బాబూ!" అన్నాను గబగబా.

"అయితే మూట ఎత్తు. సదువు సంగతి తరవాత సూద్దాం."

గేటు పక్కనున్న వడ్ల గోనె మూట భుజానికెత్తుకుని, మూసుకుంటున్న గేటులోంచి లోపలికి దూరాను.