స్టెప్నీకి గాజు కొలత

గోపయ్య పోయి రెండేళ్లయినా, ఆయన వెల్డింగ్ చేసిన చిన్న ట్రాలీ మీదే అనంతమ్మ బతుకు నడుస్తోంది. శంషాబాద్ పక్క నర్సరీ నుంచి పూలకుండీలు ఎక్కించి, మధు ట్రాక్టరుకు ట్రాలీ తగిలించి, విమానాశ్రయం దారిలోని ఓ హోటలుకు చేరుస్తుంది. ట్రాక్టరు నడిపే మధు చెవుల్లో ఎప్పుడూ పాటలే. ఆమెతో రోజుకు నాలుగు మాటలాడేది హోటలు గేటు కాపలాదారు సత్తిబాబు ఒక్కడే.

మంగళవారం ఆయనే ఆపాడు.

"శుక్రవారం నుంచి స్టెప్నీ లేని బండిని పంపొద్దన్నారమ్మా. లోపల ఆగిపోతే నా ఉద్యోగం మీదికొస్తుంది."

మర్నాడు ఆమె అదనపు చక్రం కోసం టైరు నంబరు రాసుకుంది. ఒక చక్రం విప్పించి, పాత క్యాలెండరు కాగితాన్ని బోల్టుల మీద ఒత్తింది. గ్రీజుతో ఐదు నల్ల చుక్కలు పడ్డాయి. ఆ కాగితంతో కాటేదాన్‌లో పాత చక్రాలమ్మే యాదయ్య దగ్గరికి వెళ్లింది.

"ఏందక్కా, ముగ్గు తెచ్చినవా?" యాదయ్య నవ్వాడు. "ఏ బండిది?"

"మా ఆయన చేసిండు. ఇరుసు యాడికెళ్లి తెచ్చిండో ఆయనకే ఎరుక."

"మరి గాయన్నే అడుగు పో."

ఆమె బోసి చేత్తో కాగితాన్ని ముందుకు చాపింది. యాదయ్య తల దించుకుని చక్రాలు దొర్లించసాగాడు. చుక్కలు కలిసినదొకటి దొరికింది.

తీరా ఇంటికి తెస్తే, అది బోల్టుల దాకా పోనేలేదు. నడిమి రంధ్రం చిన్నది. ఇరుసు కొనను దారంతో కొలవబోతే దారం సాగుతోంది. పెట్టె తీసింది. రెండేళ్లుగా ముట్టని గాజుల్లో ఒకటి ఆ కొనకు సరిగ్గా పట్టింది.

గురువారం గాజు చూసి యాదయ్య నవ్వలేదు.

"జర పైలంగ పట్టుకో అక్కా, పగిలితే కొలత పోతది."

ఒక్కో చక్రం నడుమా ఆమే గాజు పెట్టి చూసింది. పదకొండో దాంట్లో ఇమిడింది. చుక్కలూ కలిశాయి. మొదటిది వాపసు తీసుకుని యాదయ్య అది ఇచ్చాడు. ఇంటికొచ్చి బిగిస్తే సరిగ్గా కూర్చుంది.

శుక్రవారం దారంతా ఆమె మాటలు పేర్చుకుంది. సత్తిబాబు ఎక్కడ దొరికిందని అడుగుతాడు. ముందు ముగ్గు సంగతి చెప్పాలి, తర్వాత గాజు.

గేటు దగ్గర సత్తిబాబు ఫోనులో ఉన్నాడు. ట్రాలీ కింద కట్టిన చక్రాన్ని చూసి తలూపాడు.

"సత్తిబాబూ, గీ స్టెప్నీ..."

"చూశానమ్మా, బాగుంది. వెనక బండ్లున్నాయి, పదండి."

ట్రాలీ కదిలింది. కొంగు ముడిలో గాజు ఇంకా ఉంది.

"మధూ," అంది.

అతను ఒక చెవిలోది తీశాడు. "ఏమన్నవ్ పెద్దమ్మా?"

"ఏం లేదు బిడ్డా. పోనియ్యి."