పది నిమిషాల బాబాయి

వీడియో గేముల కొట్టు పెట్టుకుని, గేములు అమ్మడం తప్ప మిగతా పనులన్నీ చేసే మనిషి మా బాబాయి. పిల్లల కోసం గేము కొనడానికి వచ్చిన పెద్దవాళ్లని ముందు కుర్చీలో కూలేసి, చేతికి కంట్రోలరిచ్చి, అదే గేము పది నిమిషాలు ఆడించేవాడు. ఆడితేనే అమ్మకం. ఆడనంటే "వెళ్లి రండి" అని దణ్ణం పెట్టేవాడు. వీధిలో అందరూ ఆయన్ని ‘పది నిమిషాలు’ అనే పిలిచేవాళ్లు.

నేను ఆయన అన్న కూతుర్ని. ఆ కొట్టులోనే ఓ మూల కూర్చుని, చెడిపోయిన కంట్రోలర్లు బాగుచేసేదాన్ని.

"బాబాయ్, వచ్చిన బేరాన్ని తరిమేసి ఏం బావుకుంటాం?"

"కత్తులమ్మేవాడు కూడా కూరగాయలకా, కుత్తుకలకా అని ఓ చూపు చూస్తాడమ్మాయ్."

బల్ల మీద ఒక అలారం గడియారం ఉండేది. పదో నిమిషం కాగానే చెవులు చిల్లులు పడేలా మోగేది. ఒకసారి పళ్ల డాక్టరొకాయన మూడు నిమిషాలకే చెమటలు కక్కుతూ లేచిపోయాడు. "నేను రక్తం చూడలేనండీ!" అన్నాడు. రోజుకి పది పళ్లు పీకే మనిషి! ఇంకోసారి ఒక బామ్మగారు మనవల కోసమని వచ్చి, అలారం మోగేలోపు పంతొమ్మిది మందిని నేలకూల్చి, "పిల్లలకి ఇదొద్దు బాబూ, నాకివ్వు" అంది. వయసు సరిపోయింది కాబట్టి బాబాయి నోరెత్తకుండా అమ్మాడు.

ఆ గడియారానికి ఒక జబ్బుంది. ఒక్కోరోజు అసలు మోగేది కాదు. కొత్తది కొందామంటే బాబాయి వినేవాడు కాదు.

అలా ఉండగా, ఒక సాయంత్రం డ్రైవింగ్ స్కూలు మాస్టారు పదమూడేళ్ల కూతుర్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. ఆ పిల్ల బళ్లో తోటి అమ్మాయి పెదవి పగిలేలా కొట్టిందట. అంతా తుపాకుల గేము వల్లేనట. ఊళ్లో ఉన్న ఒక్క గేముల కొట్టూ మూయించాలని అర్జీ రాసుకొచ్చాడు.

"ఆ గేము ఎవరు కొన్నారండీ?" అన్నాడు బాబాయి.

"నేనే, పుట్టినరోజుకి. ఆన్‌లైన్లో."

"డబ్బా మీద పద్దెనిమిది అని ఉంటుంది కదా?"

మాస్టారు గొంతు తగ్గింది. "అది డిస్కౌంటనుకున్నా."

బాబాయి నవ్వలేదు. అర్జీ శ్రద్ధగా చదివాడు. "బాగా రాశారు. మొదటి సంతకం నేనే పెడతాను. ముందు మీరా గేము పది నిమిషాలు ఆడండి."

కొట్టు మూతపడితే ఇద్దరం రోడ్డున పడతాం. ఈ మనిషికి చీమ కుట్టినట్టయినా లేదు!

ఇరవై ఏళ్లుగా ఊరందరికీ డ్రైవింగ్ నేర్పిన మాస్టారు తెర మీద జీపెక్కి తిన్నగా గోడకి గుద్దాడు. మళ్లీ గుద్దాడు. ఏడుసార్లు చచ్చాడు.

"నాన్నా, బ్రేకు ఎడమ వేలి కింద," అంది గుమ్మం దగ్గర్నుంచి కూతురు.

"నాకు నేర్పుతావా!"

బాబాయి ఇంకో కుర్చీ తెచ్చి పక్కన వేశాడు. ఆ పిల్ల వచ్చి కూర్చుంది. ఆమె దారి చెబుతుంటే జీపు వీధి చివరిదాకా వెళ్లింది.

తెర మీద నుంచి కళ్లు తిప్పకుండానే మాస్టారు మెల్లగా అడిగాడు. "ఎందుకు కొట్టావే?"

ఆమె కూడా తెరనే చూస్తూ చెప్పింది. "‘మీ నాన్న అందరి పిల్లలకీ కారు నేర్పుతాడు, నీకోసం ఒక్కరోజైనా బడికొచ్చాడా’ అంది అది."

జీపు నదిలో పడింది. మాస్టారు దాన్ని పైకి తీయడానికి ప్రయత్నించలేదు.

"తప్పే నాన్నా. రేపు దానికి సారీ చెప్తాను."

"నేనూ వస్తాను. బడి వదిలేది నాలుగింటికేగా?" అని కంట్రోలరు సర్దుకుని, "మళ్లీ మొదలుపెట్టు. ఈసారి నది దగ్గర కుడివైపు తిప్పుతా," అన్నాడు.

"ఇండికేటరు వెయ్యి ముందు," అంది కూతురు. ఇద్దరూ నవ్వారు.

లేచేసరికి ముప్పావుగంటైంది. "ఆ గేము ఐదేళ్లపాటు బీరువాలో పెట్టి తాళం వెయ్యండి. అది ఈ వయసుకి కాదు," అని చెప్పి, అన్న మాట ప్రకారం బాబాయి అర్జీ మీద సంతకం చేసి పెన్ను మాస్టారికిచ్చాడు. ఆయన పెన్ను తిరిగిచ్చేసి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కూతురి స్కూలు బ్యాగు తనే మోసుకుంటూ వెళ్లిపోయాడు.

ముప్పావుగంటైనా మోగని గడియారాన్ని బాగుచేద్దామని చేతిలోకి తీసుకున్నాను. వెనక బ్యాటరీ లేదు. తలెత్తి చూస్తే, అది బాబాయి చొక్కా జేబులో పెన్ను పక్కన ఉంది. ఒక్కోరోజు దానికి ఆ జబ్బెందుకు వచ్చేదో ఇన్నేళ్లకి తెలిసింది.

ఆయనంటే నాకు ముద్దొచ్చింది. అయినా ఏమీ ఎరగనట్టు అడిగాను. "కొత్త గడియారం కొందామా బాబాయ్?"

"ఎందుకమ్మా," అంటూ జేబులోంచి బ్యాటరీ తీసి గడియారంలో పెట్టాడు. "ఇది బాగానే పనిచేస్తోందిగా."