కండక్టరు జేబులో చెవి

క్షయ వచ్చిన ఏడాది నాకు సూదుల మీద సూదులు వేశారు. ఆ సూదులు ఊపిరితిత్తులను కాపాడాయి, చెవులను మాత్రం తమ వెంట తీసుకుపోయాయి. ప్రాణం మిగిలిన సంబరంలో ఆ సంగతి నాకే ఆలస్యంగా తెలిసింది. లోకమంతా మెల్లగా మాట్లాడడం నేర్చుకుందని, జనానికి మర్యాద పెరిగిందని కొన్నాళ్ళు సంతోషించాను కూడా.

నా పేరు మునిరత్నం. అప్పట్లో మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోయే ఒక ప్రైవేటు బస్సులో కండక్టరుని. చెవుడని తెలిస్తే ఉద్యోగం ఊడుతుందని ఎవరికీ చెప్పలేదు. బస్సెక్కినవాళ్ళు అడిగేది ఊరి పేరే కదా, పెదవులు చూసి టిక్కెట్టు కొట్టేవాణ్ణి. పుంగనూరంటే మూతి ముందుకొస్తుంది, కుప్పమంటే చివర్లో మూసుకుంటుంది. వక్కాకు నమిలేవాళ్ళతోనూ, గుబురు మీసాలవాళ్ళతోనూ తంటా. అలాంటివాళ్ళకు ఏమీ అడగకుండా పలమనేరు టిక్కెట్టు ఇచ్చేవాణ్ణి. బస్సులో సగంమంది దిగేది అక్కడే కాబట్టి సగంసార్లు నా తెలివి ఫలించేది.

ఇంట్లో ఆ తెలివి సాగలేదు. ఒకరోజు నా భార్య వసంతమ్మ గుమ్మంలో నిలబడి "బండి వచ్చింది" అంది. పెదవుల మీద బండి, పంది, మంది మూడూ ఒకటే. మా పెరట్లో పందుల బెడద ఎక్కువ. నేను కర్ర తీసుకుని కేకలు వేస్తూ వీధిలోకి ఉరికాను. ఎద్దులబండిలోంచి మా మామగారు దిగుతున్నారు. ఎత్తిన కర్రను ఎక్కడ దాచాలో తెలియక దానిమీదే ఆనుకుని కుశల ప్రశ్నలు వేశాను. ఆయన ఏం జవాబు చెప్పారో ఈనాటికీ తెలియదు.

"బెంగళూరు పోదాం పద మామా. చెవి మిషన్ పెట్టిస్తారంట" అంది వసంతమ్మ ఆ సాయంత్రం. మాకు మేనరికం, అందుకే ఆమె నన్ను మామా అంటుంది.

అది డెబ్బై ఎనిమిదో సంవత్సరం. బెంగళూరులో ఒక డాక్టరు నా చెవులు పరీక్షించి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. "దీంతో శబ్దం పెద్దదవుతుంది" అన్నాడు. అది అర్థమైంది. తరువాత కాగితం వైపు తల వంచి రాసుకుంటూ ఇంకేదో చెప్పాడు. అది నాకు అందలేదు. బయటికొచ్చాక వసంతమ్మ నా ముఖం తనవైపు తిప్పుకుని ఆ రెండో మాట విడమరచి చెప్పింది. శబ్దం పెరుగుతుంది గాని మాట తేటపడదట, నాకు మిగిలిన వినికిడి చాలా తక్కువట. నేను పెదవులు చూశాను, తల ఊపాను, ఒక్క ముక్కా బుర్రకు ఎక్కించుకోలేదు. ఆ రకం చెవుడుకు ఇంకా మిషన్ రాలేదు.

అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద పెట్టె ఒకటి చొక్కా జేబులో పెట్టుకోవాలి. దాన్నుంచి ఒక తీగ చెవిదాకా వస్తుంది. చెవికి అచ్చు తీసి చేసిన బిళ్ళ ఆ తీగ చివర ఉంటుంది. మీట తిప్పగానే నా చెప్పుల చప్పుడే నన్ను తరిమింది. హోటల్లో ఎవరో కాఫీ గ్లాసు బల్లమీద పెడితే కుండ పగిలిందనుకుని లేచి నిలబడ్డాను. అప్పుడు వినిపించింది వసంతమ్మ గొంతు, బిందెలో తల పెట్టి పలికినట్టుగా. అయినా ఆమెదే. మూడేళ్ళుగా వినని గొంతు. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఏమన్నావు వసంతా? మళ్ళీ అను."

"ఏమీ అనలేదు మామా. దగ్గినాను."

మర్నాడు కాలరెగరేసుకుని బస్సెక్కాను. ఇంజను మొదలవగానే అది నా తలకాయలోకి ఎక్కి కూర్చుంది. కిటికీల గడగడ, కోళ్ళు, పిల్లల ఏడుపు, హారను అన్నీ కలిసి ఒకే ముద్ద. ఆ ముద్దలో మాట ఎక్కడుందో వెతుక్కునేసరికి ఊరు దాటిపోయేది. ఎవరైనా దగ్గరగా వంగితే పెట్టె కుయ్యిమని కూసేది. మిషన్ సంగతి తెలిసిన ఒకరిద్దరు ఇంకా నష్టం చేశారు. నా ముఖం చూడకుండా, వంగి నా జేబుతో మాట్లాడేవారు. నాకు వాళ్ళ నడినెత్తి తప్ప పెదవులు కనిపించేవి కావు.

మిగతావాళ్ళంతా అది ట్రాన్సిస్టరు అనుకున్నారు. క్రికెట్ మ్యాచ్‌లు జరుగుతున్న రోజులు. "స్కోరెంతప్పా?" అని అడిగేవారు. చెవిటి మిషన్ అని చెప్పడానికి నామోషీ. "మూడు వికెట్లు పోయినాయి" అనేవాణ్ణి. కుప్పం చేరేసరికి ఏడు పడగొట్టేవాణ్ణి. అంత పెద్ద మ్యాచ్‌ను ఒక్కణ్ణే నడిపిన గొప్ప ఇంకే కండక్టరుకూ దక్కి ఉండదు.

ఒకరోజు పలమనేరులో గంగవరం రైతు అంజినప్ప కుప్పంలోని చుట్టాలకు టమోటా గంప పంపుతూ, దాన్ని కట్టడానికి బస్సు టాపు మీదికి ఎక్కాడు. అతను దిగాడనుకుని నేను విజిలేశాను. బస్సు కదిలింది. టాపు మీద అంజినప్ప దబదబ బాదుతున్నాడు. నా చెవిలో అప్పటికే నానా రకాల దబదబలు ఉన్నాయి, అందులో ఇదొకటి కలిసింది. జనం నా చుట్టూ మూగి చేతులెత్తి అరవడం మొదలుపెట్టారు. "పైన మనిషి ఉండాడు! మనిషి!" అంటున్నారని తరువాత తెలిసింది. అంత ఆత్రంగా అడుగుతున్నారంటే మ్యాచ్ మంచి పట్టు మీద ఉందనుకుని, నేను గొంతెత్తి చెప్పాను:

"ఇంకో వికెట్ పోయింది!"

ముందు సీట్లోని పెద్దమనిషి డ్రైవరు భుజం పట్టి ఊపితే గాని బస్సు ఆగలేదు. అప్పటికి ఊరు ఎక్కడో వెనకబడిపోయింది. అంజినప్ప జుట్టు నిక్కబొడుచుకుని, పంచె నడుముకు చుట్టుకుని దిగాడు. నన్ను కొట్టడానికి చెయ్యెత్తి, నా చెవిలోని తీగ చూసి ఆగాడు.

మరుసటి ఉదయం ఓనరు రెడ్డెప్ప నన్ను మదనపల్లె ఆఫీసుకు పిలిపించి తలుపు మూశాడు.

"నీకు వినపడదని నాకు రెండేండ్లుగా తెలుసు మునిరత్నం. బస్టాండంతా తెలుసు. టిక్కెట్లు బాగనే కొడతాండావని ఊరకుండినా. ఇంక బస్సెక్కొద్దు. కుప్పంలో బుకింగ్ రూము ఖాళీగా ఉండాది, పోయి ఆడ కూచో."

అంత జాగ్రత్తగా దాచిన రహస్యం బస్టాండంతటికీ తెలుసునన్న సిగ్గులో, ఇంకో వింత వెంటనే తట్టలేదు. ఆయన అన్న ప్రతి మాటా నాకు అందింది! మూసిన గది, ఎదురుగా ఒకే మనిషి, ముఖం నావైపే, కోపంతో ఒక్కో మాటా విడివిడిగా. మిషన్ తెచ్చేది శబ్దమే, మాట అందాలంటే పెదవులూ కావాలి. డాక్టరు రెండో మాట నాకు అప్పటికి తలకెక్కింది.

కుప్పంలో కాపురం పెట్టాం. రోజూ వసంతమ్మ దీపం తన ముఖం మీద పడేలా కూర్చుని నాకు పాఠం చెప్పేది. ముందు పెదవులు చూపించి, తరువాత కొంగు అడ్డం పెట్టుకుని అదే మాట అనేది. కొంగు అడ్డమొస్తే నాకు మార్కులు పడేవి కావు. అయినా ఆమె విసుక్కుంటోందో నవ్వుకుంటోందో గొంతును బట్టి తెలియడం మొదలైంది. బుకింగ్ కిటికీ దగ్గర మాత్రం కొత్త చిక్కు. కుప్పంలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ నడుస్తాయి. మిషన్ ఏ భాషనైనా సమానంగానే ముద్ద చేస్తుంది. తమిళంలో అడిగినాయనకు కన్నడంలో జవాబు చెప్పి, నన్ను పండితుణ్ణి అనిపించుకున్న రోజులున్నాయి.

ఎనభై ఒకటిలో ఒక మధ్యాహ్నం అంజినప్ప నేరుగా గదిలోకి వచ్చాడు. అతని పెదవుల మీద "కొట్టేకి" అన్న మాట కనిపించగానే కుర్చీ వెనక్కి లాక్కున్నాను. అతను నవ్వి మళ్ళీ మెల్లగా అన్నాడు.

"కొట్టేకి రాలేదులేప్పా. మా యమ్మకు చెవులు బొత్తిగా పోయినాయి. ఆ మిషన్ పనిచేస్తాదా? నిజం చెప్పు."

గొప్పలు చెప్పాలని నాలుక దురద పెట్టింది. కాని నేను టాపు మీద ప్రయాణం చేయించిన మనిషితో అది కుదిరే పని కాదు.

"సద్దు తెస్తాదప్పా. మాట తేదు. సంతలో, బస్సులో అయితే తీసి జేబులో పెట్టుకునేదే మేలు. ఇంట్లో ఎదురుగా కూచోని ఒక్కరే మాట్లాడితే మూతి సగం, మిషన్ సగం. రెండూ కలిస్తే ముక్కాలు వస్తాది, రూపాయికి ముప్పావలా మాదిరి."

"సగమూ సగమూ కలిస్తే ముక్కాలేనా?"

"ఈ లెక్కలో అంతే."

"మనవరాలి గొంతు తెలిస్తే సాలంటాది మా యమ్మ" అన్నాడు అంజినప్ప.

ముగ్గురం కలిసి బెంగళూరు వెళ్ళాం. అంజినప్ప తల్లి మునిలక్ష్మమ్మకు నేను దారి పొడవునా మిషన్ గురించి ఉపన్యాసం ఇచ్చాను. ఆమెకు వినపడదని మధ్యలో గుర్తొచ్చింది. డాక్టరు గదిలో మిషన్ పెట్టగానే ఆమె కొడుకు ముఖం చూసి నవ్వింది. వీధిలోకి రాగానే బిళ్ళ లాగేసింది.

"ఇంత గోలలో మీరెట్ల బతకతాండారు నాయనా!"

తరువాత ఆమె దాన్ని వీధిలో ఎప్పుడూ పెట్టుకోలేదు. సాయంత్రం ఇంట్లో మనవరాలిని ఒళ్ళో తనకెదురుగా కూర్చోబెట్టుకుని పెట్టుకునేది. ఆ పిల్ల ఏం చెప్పేదో సగం అర్థమయ్యేది కాదట. అయినా నవ్వినప్పుడు తెలిసేదట, "అవ్వా" అన్నప్పుడు తెలిసేదట.

ఒకసారి మునిలక్ష్మమ్మ తన కూతురిని చూడడానికి కుప్పం వచ్చి, తిరుగు టిక్కెట్టు కోసం నా కిటికీ దగ్గరకు వచ్చింది. నన్ను చూసి పైట చాటు నుంచి తీగ తీసి చెవిలో పెట్టుకుంది. ఇద్దరం ముందుకు వంగితే రెండు పెట్టెలూ కలిసి కూశాయి. వెనక్కి జరిగి, ఒకరి మూతి ఒకరు చూసుకుంటూ, మనవరాలి గురించి, వసంతమ్మ గురించి, బ్యాటరీలు త్వరగా అయిపోవడం గురించి మాట్లాడుకున్నాం. నేను ఒక మాట తప్పు వింటే ఆమె దిద్దింది. ఆమె రెండు తప్పు వింది, నేను ఒకటే దిద్దగలిగాను.

ఆమె వెనక టిక్కెట్ల కోసం జనం నిలబడి అరుస్తున్నారు. అరుపు మా ఇద్దరికీ వినిపించింది. ఏమంటున్నారో ఇద్దరికీ తెలియలేదు. అందుకని మా మాటలు మేం నిదానంగా పూర్తి చేసుకున్నాం.