ఎడమ దిక్కు ఇంజను

బూరుగుపల్లి రేవులో అంతయ్యను ఉత్త అంతయ్య అని పిలిచినవాళ్లు తక్కువ. ఇంజన్ల అంతయ్య అనేవాళ్లు. ఎదురుపడినప్పుడు మర్యాదగానే అనేవాళ్లు, అతని వాకిలి దాటాక మాత్రం ఆ పేరుకు నవ్వు తగిలించేవాళ్లు. నవ్వక ఏం చేస్తారు? అందరి కొట్టాల్లో ఎద్దులూ బర్రెలూ ఉంటే అతని కొట్టంలో పాత పడవ ఇంజన్లు మూడు వరసగా కూచుని ఉండేవి. వాటిమీద చుక్క నీళ్లు పడకుండా కొత్త తాటికమ్మలు కప్పేవాడు. భార్య కిష్టవ్వ మాత్రం వానాకాలమంతా ఇంట్లో కురిసినచోటల్లా గిన్నెలు పెట్టుకుంటూ తిరిగేది.

ఆ ఊరు గోదావరికి ఇవతల, కరీంనగరం వైపు. అవతలి ఒడ్డు ఆదిలాబాదు జిల్లా. మందమర్రి బొగ్గుబాయిల్లో పనికి పోయేవాళ్లు ఇటునుంచి అటూ, చొప్పదండి అంగడికి వచ్చేవాళ్లు అటునుంచి ఇటూ దాటాలంటే అదే రేవు. నిజాం రాజ్యం ఆఖరి రోజుల్లో ఒక గుత్తేదారు అక్కడ లాంచి నడిపేవాడు. దానికి రెండు ఇంజన్లు, కుడి దిక్కున ఒకటి, ఎడమ దిక్కున ఒకటి. ఒక్కో ఇంజనుకు ఒకటే సిలిండరు. అందుకని గబగబా కొట్టుకునేది కాదు. ఒక దెబ్బ కొట్టి, ఊపిరి బిగబట్టి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ ఒక దెబ్బ కొట్టేది. ఆ చప్పుడు వినే ఆడవాళ్లు పొయ్యిమీద ఎసరు పెట్టుకునేవాళ్లు, మొగుళ్లు ఒడ్డుకు చేరేసరికి అన్నం ఉడకాలి కదా.

అంతయ్య చొప్పదండి కమ్మరోళ్ల కొడుకు. కిష్టవ్వను చేసుకుని బూరుగుపల్లికి ఇల్లరికం వచ్చాడు. లాంచిమీద ఆరు నెలలు ఖలాసీగా చేశాడు. ముందుభాగంలో నిలబడి తాడు విసరడం, గడ వెయ్యడం, అంతవరకే అతని పని. ఇంజన్లు ఉన్న అరలోకి గఫూర్ ఉస్తాద్ ఒక్కడే దిగేవాడు. ఇంజను నెత్తికి మంటపెట్టి, అది బాగా కాలాక పిడి తగిలించి చక్రం తిప్పేవాడు. చక్రాలమీద రేకు మూతలుండేవి. అంతయ్యకు పైనుంచి ఉస్తాద్ టోపీ, పొగ తప్ప మరేమీ కనిపించేవి కావు. అయినా ఆ చప్పుడు అతని చెవిలో పడ్డదేమో పడ్డది, మళ్లీ పోలేదు.

పోలీసు యాక్షన్ జరిగిన ఏడు గుత్తేదారు పట్నం పోయినవాడు తిరిగి రాలేదు. గఫూర్ ఉస్తాద్ కూడా ఔరంగాబాదులో బిడ్డ ఇంటికి బయలుదేరాడు. సామాన్లన్నీ కచ్చరంలో వేశాక, అతను లాంచి తాళంచెవి అంతయ్య చేతిలో పెట్టాడు.

“కుడిదానితోని ఫికర్ లేదు. ఎడమ దిక్కుది ఉల్టాది, అంతయ్యా. జర యాదిల పెట్టుకో.”

అంతకన్నా చెప్పడానికి బండివాడు ఆగలేదు.

ఉల్టా అనే మాట ఆ ఊళ్లో దినానికి పదిసార్లు వినబడుతుంది. కిష్టవ్వ తమ్ముడు రమ్మంటే పోతాడు, పొమ్మంటే వచ్చి కూచుంటాడు, వాడు ఉల్టా మనిషి. ఉప్పు తక్కువ వెయ్యమంటే గుప్పెడు ఎక్కువేసే కోడలు ఉల్టాది. అంతయ్య ఆ మాటను అట్లాగే పట్టుకున్నాడు. ఎడమ ఇంజను మొండిదన్నమాట, కోపిష్టిది, ఓపికతో లొంగదీసుకోవాలన్నమాట అనుకున్నాడు. ఉస్తాద్ మాటను తాళంచెవితోపాటు భద్రంగా దాచుకున్నాడు.

మరుసటేడు వరదకు లాంచి తాడు తెంపుకుపోయి ఇసుకలో కూరుకుపోయింది. రెండు ఎండాకాలాలు తవ్వి, ఎనిమిది ఎడ్లను కట్టి, దాన్ని ఒడ్డుకు లాగించాడు. ఇంజన్లను విప్పి కొట్టానికి చేర్చాడు. వాటి పిడులు మాత్రం గోదావరిలోనే పోయాయి. కమ్మరి బిడ్డకు అదొక లెక్కా? తనే కొలిమి పెట్టి కొత్త పిడి కాల్చి సాగగొట్టుకున్నాడు. కుడి ఇంజను బాగుచేసి, ఆ పిడితోనే తిప్పితే, మూడో నెలకల్లా అది ఊపిరి తీసుకుంది. ఊరంతా వచ్చి చూసింది. కిష్టవ్వ కొబ్బరికాయ కొట్టి, చక్రానికి పసుపు రాసింది. ఆనాడు అంతయ్య ముఖం చూసినవాళ్లు, ఇతనికి పిచ్చి పట్టిందని అనలేదు.

ఆ తర్వాత పట్టింది. పలానాచోట పాత పడవ ఇంజను పడి ఉన్నదని ఎవరన్నా అంటే చాలు, సద్దిమూట కట్టుకుని పోయేవాడు. ఒకసారి ఇత్తడి నూనెగిన్నె తెచ్చాడు, ఒకసారి పగిలిన చక్రం. మెట్‌పల్లిలో బియ్యం మిల్లువాళ్లు మూలన పడేసిన పడవ ఇంజనునైతే బండిమీద వేసుకుని మూడు రోజులు నడిచి వచ్చాడు. అదే మూడోది. అది కూడా అతని చేతిలో నడిచింది. ఇత్తడి సామానంతా చింతపండుతో తోమి, దీపాలు పెట్టే గూళ్లలో వరసగా నిలబెట్టేవాడు. కిష్టవ్వ పులుసు చెయ్యబోయి కుండలో చెయ్యి పెడితే ఈనెలే తగిలేవి.

ఎడమ దిక్కుది మాత్రం పలకలేదు. ఏడాది పోయింది, ఐదేళ్లు పోయాయి. దాన్ని విప్పని బోల్టు లేదు, నూరని వాల్వు లేదు. పొద్దున లేచి ముఖం కడుక్కుని, మంటపెట్టి, పిడి తగిలించి, కుడివైపుకు తిప్పేవాడు. ఎడమకు తిప్పాలన్న ఆలోచన అతనికి రాలేదు. ఆ పిడి పళ్లు కుడికే పడతాయి, అట్లాగే చేశాడు. అయినా ఆ ఊళ్లో ఏ పనీ ఎడమకు తిప్పి మొదలుపెట్టరు. ఎడమకు తిరిగేది కాష్ఠం చుట్టూ ఒక్కచోటనే.

ఒకనాడు కిష్టవ్వ కొట్టం దగ్గర కూచుని పత్తి ఏరుతున్నది. ఆమెకు చూసిందల్లా అడగడం అలవాటు. అంతయ్య చక్రం తిప్పినప్పుడల్లా ఆమె ఒళ్లోంచి పత్తి పోగులు లేచి ఇంజను పొగగొట్టంలోకి పోతున్నాయి.

“ఇగో, గీ గొట్టం పొగ ఇడిసేదా, గాలి పీల్చేదా?”

“పొగ ఇడిసేది. గిది గూడ తెల్వదా?”

“మరి నా పత్తిని గుంజుకునుడేంది? జర అటు దిక్కు తిప్పి సూడరాదు.”

అంతయ్య పిడి వదిలేసి నడుం పట్టుకున్నాడు.

“పీనుగ సుట్టు తిరిగినట్టు ఎడమకు తిప్పుమంటవా? నీకు బాగ ఎర్క.”

“నాకేం ఎర్క. పత్తికి ఎర్క,” అన్నది కిష్టవ్వ, గంప ఎత్తుకుని లోపలికి పోతూ.

వాల్వు మూసుకోక గాలి ఎదురు కొడుతున్నదని తేల్చుకుని అంతయ్య మళ్లీ మూడు వారాలు వాల్వులు నూరాడు.

ఇంతలో గోదావరిమీద వంతెన అన్నారు. కొలతలు వేశారు, జెండాలు పాతారు. పని చూసే ఇంజనీరు ఒకాయన రేవు దగ్గర అంతయ్య లాంచిని చూసి ముచ్చటపడ్డాడు. వంతెన పూర్తయ్యేదాకా కూలీలనూ రాళ్లనూ దాటించడానికి లాంచి కావాలి, దసరా పోయి నీళ్లు నిలకడకు వచ్చేసరికి రెండు ఇంజన్లూ నడిపి చూపిస్తే దీన్నే పెట్టుకుంటాం, నడిపేది కూడా నువ్వే అన్నాడు. అంతయ్య ఆ పూట అన్నం తినలేదు. కొలువు వస్తుందని కాదు. ఉస్తాద్ చేతిలో నడిచింది తన చేతిలోనూ నడవాలి, అదీ నీళ్లమీద. వంతెన లేచిందంటే ఇక లాంచి ఎవరికీ అక్కరుండదు. ఆలోపు అది ఒక్కసారి పలకాలి.

దసరా వచ్చింది, పోయింది. అది పలకలేదు. గడువు దగ్గరికొస్తే అంతయ్య ఒక ఉపాయం చేశాడు. ఎడమ దిక్కున దాని బదులు మెట్‌పల్లి ఇంజను బిగించాడు. కుడిదీ నడిచేదే, ఇదీ నడిచేదే, ఇక అడ్డమేముంది అనుకున్నాడు. ఇంజనీరు గొడుగు పట్టుకుని ఒడ్డున నిలబడ్డాడు. ఊరు ఊరంతా నిలబడ్డది. రెండు ఇంజన్లూ ఒకేసారి దెబ్బ అందుకున్నాయి. తాడు విప్పారు. నీళ్లలో కుడివైపు పంకా లాంచిని ముందుకు తోసింది, ఎడమవైపు పంకా వెనక్కి లాగింది. లాంచి ఉన్నచోటనే గిర్రున తిరగడం మొదలుపెట్టింది. చుక్కాని ఎటు తిప్పినా అంతే.

పడవలు నడిపే ఎల్లేశం, అంతయ్యకు వరసకు బామ్మర్ది, ఒడ్డునుంచి చెయ్యి అడ్డం పెట్టుకుని అరిచాడు.

“బావా, గోదారికి మొక్కున్నదా ఏంది? ఎన్ని సుట్లు మొక్కినవ్?”

నవ్వులు అవతలి ఒడ్డుదాకా పోయాయి. ఇంజనీరు కూడా నవ్వాడు, తర్వాత గొడుగు మడిచి జీపెక్కాడు. కూలీలను దాటించడానికి ఎల్లేశం పడవలనే రెండేసి జోడు కట్టి వాడుకున్నారు. ఎడమ పంకా అసలు ఎడమకు తిరిగే ఇంజను కోసమే చేసింది అని అంతయ్యకు తట్టలేదు. వంకరపోయిందనుకున్నాడు. విప్పి ఇంటికి తెచ్చుకుని రెండు నెలలు దాన్నే చూసుకుంటూ కూచున్నాడు.

వంతెన స్తంభాలు ఒకటొకటే లేచాయి. కొట్టంలో నిలబడితే అన్నీ కనబడేవి. కిష్టవ్వ మనసులోనే లెక్కపెట్టుకునేది, నోటితో అనేది కాదు. ఆఖరికి ఒక మాఘమాసం, ముందు అద్దానికి బంతిపూల దండ వేసుకుని మొదటి బస్సు వంతెనమీద పోయింది. ఆ నెలలోనే రేవు ఎత్తిపోయింది. ఎల్లేశం పడవలు అమ్ముకుని మందమర్రి బాయిలో దిగాడు. పోయేముందు వచ్చి, మొక్కు మాట మనసులో పెట్టుకోవద్దని చెప్పాడు. అంతయ్య అతనికి చుట్ట ఇచ్చి, “ఏ మాట?” అన్నాడు. నిజంగానే మరిచిపోయాడో, మరిచిపోయినట్టు అన్నాడో కిష్టవ్వకు కూడా తెలియలేదు.

లాంచికి చెదలు పట్టింది. బాగున్న చెక్కలు పక్కింటి బర్రెల దొడ్డికి తలుపయ్యాయి, బాగులేనివి పొయ్యిలోకి పోయాయి. అయినా పొద్దున లేచి ముఖం కడుక్కోవడం, మంటపెట్టడం, పిడి తిప్పడం ఆగలేదు. ఇప్పుడెందుకని అడిగితే, ఒక్కసారి పలికితే విడిచిపెడతా అనేవాడు. ఒకనాడు తిప్పుతుంటే చక్రం వెనక్కి తన్ని, పిడి ఎదురుకొట్టింది. కుడి రెక్క సందు తప్పింది. వైద్యుడు కట్టు కట్టాడు గాని ఆ చెయ్యి మళ్లీ భుజం దాటి పైకి లేవలేదు.

చెయ్యి పోయిన మూడో ఏడు, పాత ఇనుము కొనే పర్శరాములు లారీ వేసుకుని వచ్చాడు. అంతయ్యే కబురు పెట్టాడు. కుడిది ఎక్కించారు, మెట్‌పల్లిది ఎక్కించారు. ఇక ఎడమ దిక్కుది. లారీ ఎడమవైపున నిలబడి ఉన్నది. ఇంజనును దుంగలమీదకు జరపాలని మనుషులు చక్రం ఆకుల మధ్య గడ్డపార దూర్చి, లారీ ఉన్నవైపుకే లాగారు. చక్రం ఎడమకు తిరిగింది. పొగగొట్టంలోంచి బుస్సుమని పొగమసి ఎగజిమ్మి పర్శరాములు తెల్ల అంగీమీద పడింది. మనుషులు పగలబడి నవ్వారు.

అంతయ్య నవ్వలేదు. దగ్గరికి వచ్చి, మసి పడిన ఆ అంగీని చాలాసేపు చూశాడు.

“ఇంకొక్కసారి తిప్పుండ్రి. అటే.”

తిప్పారు. పొగగొట్టం మళ్లీ ఊదింది. అంతయ్య ఎడమ అరచెయ్యి గాలి పీల్చే గొట్టానికి ఆనించాడు. అది అతని చర్మాన్ని లోపలికి పీల్చుకుంది. వాల్వు బాగానే ఉన్నది, సిలిండరు బిగువుగానే ఉన్నది. పంతొమ్మిదేళ్లు నూరి, తోమి, నూనె పోసి, అతను దాన్ని కొత్తదానిలాగే చేసి పెట్టాడు. అటు తిప్పితే చాలు.

పర్శరాములు అంగీ దులుపుకుంటూ అతని ముఖం చూశాడు. చెడ్డవాడేం కాదు.

“ఏందన్నా, ఉంచుకుంటవా? ఉంచుకుంట అంటె గిక్కడ్నే ఇడిసిపెడతం.”

అంతయ్య గోదావరి దిక్కు చూశాడు. వంతెనమీద చొప్పదండి బస్సు పోతున్నది. రేవులో ముళ్లకంప మొలిచింది. దొడ్డికి తలుపైన లాంచి చెక్క మీద పిడకలు ఎండుతున్నాయి. దీన్ని బిగించడానికి పడవ లేదు, తిప్పడానికి చెయ్యి లేదు. ఇంకెవరన్నా తిప్పినా, ఆ చప్పుడు విని ఎసరు పెట్టుకునేవాళ్లు లేరు.

“ఎక్కియ్యుండ్రి,” అన్నాడు.

లారీ పోయాక కిష్టవ్వ కొట్టంలోకి వచ్చింది. నేలమీద మూడు నూనె మరకలు, గుంజకు వేలాడుతూ పిడి మిగిలాయి. దాన్ని ఎక్కించడం మరిచిపోయారు. ఆమె గడప దగ్గరినుంచి అంతా చూసింది. పత్తి సంగతి ఆమె నోటిదాకా వచ్చింది, మింగేసింది. కోపం గఫూర్ ఉస్తాద్‌మీదకు మళ్లించింది.

“ఇంత తెలిసిన మనిషి, గట్ల ఒక్క మాటేసి పోతడా? కండ్లార తిప్పి సూపెట్టి పోవద్దా?”

“సక్కగనే చెప్పిండు,” అన్నాడు అంతయ్య. “నేనే ఉల్టా ఇన్న.”

ఆమె పిడి తీసుకుని పొయ్యి దగ్గరికి పోయింది. ఆనాటినుంచి దానితోనే నిప్పులు ఎగదోసేది. అంతయ్య తెల్లారి లేచి, ముఖం కడుక్కుని, అలవాటు కొద్దీ కొట్టందాకా నడిచాడు. ఆ మరకల దగ్గర కొంచెంసేపు నిలబడి, మళ్లీ వచ్చి పడుకున్నాడు.