వాకిలికి కుదిరిన పీట

వికారాబాద్‌లో వాన వెలిసిన పొద్దుట వేపచెక్క కోస్తుంటే లేచే చేదు వాసన నన్ను ఎటో తీసుకుపోతుంది. రంపం చేతిలోనే ఉంటుంది, మనసు మాత్రం తాండూరులో, రాతిపొడి పట్టి ఆకులు తెల్లబడిన మా పాత వీధిలో తేలుతుంటుంది. అక్కడ పక్కింటి బాలప్ప గొంతుక్కూర్చొని, చెవి మీద బీడీ పెట్టుకొని, ఉలికి పదును పెడుతుంటాడు. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాక సరదాకు చెక్కపని పట్టుకున్న మనిషి. అతని దగ్గర ఉన్నవల్లా రంపం, ఉలి, సుత్తి.

మేం తాండూరులో ఉన్నప్పుడు ఒక ఏడాది మా ఆవిడ సుజాతకు మోకాలి ఆపరేషన్ అయింది. పొద్దున్నే వాకిట్లో చాప వేసుకొని, చాయ్ తాగుతూ వీధంతటినీ పలకరించే మనిషి, కింద కూర్చోలేక లోపలి గదికే పరిమితమైపోయింది. ప్లాస్టిక్ కుర్చీ వేస్తే, "దుకాణంల గిరాకీ కోసం కూసున్నట్టుంది" అని లేచిపోయింది. ఆమెను మళ్లీ వాకిట్లోకి ఎలా తేవాలా అన్నదే నా దిగులు. వార్తలు రాయడం తప్ప నాకు చేతిపని రాదు. ఒక ఎత్తుపీట చేసిపెట్టమని బాలప్పను అడిగాను.

"నేను చెయ్య. నువ్వే చెయ్యాలె సారూ."

"నా దగ్గర సామానేం లేదు బాలప్పా."

"నాయి మూడున్నయి గదా. పీటకు గింతే చాలు. ఏమన్న మహల్ కడుతున్నవా?"

చెక్కను నున్నగా చిత్రిక పట్టే సాధనం లేదు. వాకిట్లో పరిచిన తాండూరు బండ మీద గరుకు కాగితం వేసి, చెక్కను దాని మీద రుద్దించాడు. "జర నిమ్మళం. పేపర్‌కు వార్త పంపుతున్నవా ఏంది, గంత ఉరుకుడు?" అనేవాడు. ఆ గీరుడు చప్పుడులో ఎన్ని మధ్యాహ్నాలు కరిగిపోయాయో. కాళ్లు బిగించాక, మట్టం చూడటానికి పీటను ఆ వాకిట్లోనే నిలబెట్టి, దాని మీద నీళ్ల పళ్లెం పెట్టాడు. నీళ్లు అన్ని అంచులకూ సమంగా వచ్చేదాకా కాళ్లను కొంచెం కొంచెంగా కోయించాడు.

పీటను సంబరంగా వంటింట్లోకి తీసుకుపోయి, వెంట వచ్చిన బాలప్ప ముందే సుజాతను కూర్చోమన్నాను. కూర్చున్న మనిషి మెల్లగా ముందుకు జారి గోడ పట్టుకుంది. అప్పుడు తట్టింది. వాననీళ్లు వీధిలోకి పోవాలని వాకిలి బండలను వాలుగా పరిచారు. ఆ సంగతి మరిచి, పీటను ఆ వాలుకే సరిచేశాం.

"ఏందన్నా, పీట చేసిన్రా, జారుడుబండ చేసిన్రా?" అంటూ సుజాత నవ్వింది. ఎన్ని నెలలకో విన్నాను ఆ నవ్వు.

"గిన్నేండ్లు బస్సులకు బ్రేకులు సక్కజేసిన. గీ వాలు యాదికి రాకపాయె!" అని బాలప్ప తల కొట్టుకున్నాడు. నేను రంపం అందుకోబోతే చెయ్యి పట్టుకున్నాడు. "ఆగు సారూ. చెల్లె, నువ్వు యాడ కూసుంటవ్?"

"వాకిట్లనే అన్నా."

"ఇగ కోసుడెందుకు?"

ఆమె గోడ పట్టుకొని మెల్లగా బయటికి నడిచింది. నేను తెచ్చి వాకిట్లో వేసిన పీట మీద నిటారుగా కూర్చొని చాయ్ అడిగింది.

బాలప్ప ఇప్పుడు లేడు. వికారాబాద్‌లోని ఈ ఇంట్లో ఆ పీట వాలుగానే నిలబడుతుంది. దాని కాళ్లు కోస్తానంటే సుజాత ఒప్పుకోదు. "ఉండనియ్యి, అది తాండూరుది" అంటుంది. దాని మీద ఇప్పుడు నా రంపం, ఉలి, సుత్తి ఉంటాయి. ఇప్పుడు సుజాత కోసం చేస్తున్న ఈ కొత్త పీటకు చెక్క కోసే ముందే ఎక్కడ కూర్చుంటావని ఆమెను అడిగాను. గేటు పక్కన చోటు చూపించింది. నీళ్ల పళ్లెం తీసుకొని ముందు అక్కడికే వెళ్లాను.